చీపురు కట్టతో దుర్యోధన వధకు

పెళ్ళి సంబంధానికి అబ్బాయి ఫోటో పంపిస్తారు కదా, మా ఇంటికి వచ్చిన ఫోటోలో కిరీటం ఉంది, భుజకీర్తులు ఉన్నాయి, గద ఉంది, చెవులదాకా మీసం ఉంది, ముఖానికి గోడకు పూసినట్టు ఎర్రరంగు ఉంది. అబ్బాయి మాత్రం ఎక్కడా కనపడలేదు.

సంబంధం తెచ్చిన మునిరత్నమన్నను అడిగితే, "పిల్లోడు భారతంలో భీముడి వేషం కడతాడమ్మా. వాని ఫోటోలన్నిట్లో ఇదే బాగుండాదంట" అన్నాడు. పేరు చలపతి. కుప్పం దగ్గర పల్లె. గ్రానైట్ ఫ్యాక్టరీలో నెలజీతం. ఆదివారం రాత్రిలోగా అవునో కాదో చెప్పాలి, సోమవారం పొద్దున్నే వాళ్ళు పలమనేరులో ఇంకో అమ్మాయిని చూడబోతున్నారు.

మా నాన్న ఏ సంగతైనా "మా అక్క ఎట్లంటే అట్ల" అంటాడు. ఆ అక్క, అంటే మా మేనత్త రెడ్డెమ్మత్త, కురబలకోటలో గొర్రెలు మేపుతుంది. ఫోటోను చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూసింది. "రంగు కింద ఏముండాదో సూడకుండా పిల్లనెట్ల ఇచ్చేదిరా? ఆదివారం వాళ్ళ ఊర్లో దుర్యోధన వధ అంట. నేనూ పాపా పోయి సూసొస్తాం. మేం వస్తాండామని ఆ మునిరత్నానికి చెప్పొద్దు."

అలా బయలుదేరాం. నా గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. నేను మదనపల్లిలో ఒక టైలర్ షాపులో జాకెట్లు కుడతాను. పదో తరగతి దాకా చదివాను. రోజంతా మిషన్ తొక్కుతూ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, వేరే దేశాల పాతకాలపు దేవుళ్ళ కథలు తెలుగులో చెప్పే ఛానెల్ ఒకటి వింటాను. విన్నది ఎవరికైనా చెప్పకపోతే నాకు అన్నం అరగదు. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకు అదే ఇబ్బంది.

ఆదివారం పొద్దున ఐదు గంటలకు మదనపల్లి బస్టాండులో పుంగనూరు బస్సు దొరికింది. ఆర్టీసీలో ఆడవాళ్ళకు టికెట్ లేదు కానీ ఆధార్ కార్డు మరిచిపోకండి, జెరాక్స్ చూపిస్తే కొందరు కండక్టర్లు ముఖం తిప్పుకుంటారు. రెడ్డెమ్మత్త ఒక చేత్తో ఆధార్ కార్డు, ఇంకో చేత్తో పేపరు చుట్టిన పొడుగాటి కట్ట పట్టుకుని ఎక్కింది. పేపరు చివర నుంచి అరిగిపోయిన చీపురు పుల్లలు బయటికి వచ్చాయి.

కండక్టరు అటూ ఇటూ చూసి, "అమ్మా, మీ ఇద్దరికీ ఫ్రీ. చీపురుకు ఆధార్ ఉండాదా?" అన్నాడు.

"దానికి నీకంటే వయసెక్కువ. కూర్చోనీప్పా" అంది అత్త.

చీపురు ఎందుకని నేనూ అడిగాను. అత్త పుట్టింది గుర్రంకొండ వైపు పల్లెలో. వాళ్ళ ఊళ్ళో రోజుల తరబడి ఆడే భారతం నాటకం ఆఖరి రోజు మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి చేసి పడుకోబెడతారు. వేషం కట్టిన దుర్యోధనుడు భీముడి దెబ్బకు దాని మీద పడగానే, ఆడవాళ్ళంతా ఇంటి నుంచి తెచ్చిన పాత చీపుళ్ళతో అతనికి తలా ఒక దెబ్బ వేసి, చీపురు అక్కడే పడేసి, వెనక్కి చూడకుండా ఇంటికి పోతారు. ఇంటికి పట్టిన పీడ అక్కడే ఉండిపోతుందని నమ్మకం. పోయిన చలికాలం అత్త గొర్రెలకు గాలికుంటు రోగం వచ్చి సగం మంద పోయింది. "అల్లుణ్ణి సూసినట్టూ ఉంటాది, శని వదిలినట్టూ ఉంటాది. రెండు పన్లకూ ఒకటే బస్సు" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె నవ్వలేదు. చీపురును ఒళ్ళో బిడ్డలా పెట్టుకుంది.

మా ముందు సీట్లో టమోటా మండీకి సరుకు దింపి వెనక్కి పోతున్న రైతు ఒకాయన వెనక్కి తిరిగి మా మాటలే వింటున్నాడు. వినేవాళ్ళు దొరికారు కదా అని మంచుదేశాల దేవుడి కథ ఎత్తుకున్నాను. ఆ దేవుళ్ళకు పెద్దాయన ఒకడున్నాడు. జ్ఞానం ఇచ్చే బావి ఒకటుంటే, అందులో నీళ్ళు ఒక్క గుక్క తాగడానికి తన కన్ను పీకి బావిలో వేశాడు.

"కన్నేస్తేగాని నీళ్ళియ్యరా ఆ దేశంలో?" అన్నాడు రైతు. "మాకు బోరు ఎండినప్పుడు కూడా అంత రేటు లేదే."

అత్తకు అది నచ్చలేదు. "మన కాళహస్తిలో కన్నప్ప ఒక కన్ను స్వామికి పెట్టి, రెండోది కూడా పెరకబోయినాడు. తిరిగి ఏమన్నా అడిగినాడా? మీ మంచుదేశమాయన బేరం చేసినాడు. మనోడు బేరం చేయలా. అదీ తేడా."

రైతు తల ఊపాడు. పుంగనూరులో దిగేదాకా మంచుదేశాల వైపు మాట్లాడేవాళ్ళు ఎవరూ లేకపోయారు.

పుంగనూరులో పలమనేరు బస్సుకు అరగంట ఆగాలి. బస్టాండుకు ఎదురుగా రేకుల హోటల్లో దోసె, ఎర్రకారం తిన్నాం. ఆ వైపు పోయేవాళ్ళు తప్పకుండా తినండి, నీళ్ళ సీసా మాత్రం దగ్గర పెట్టుకోండి. హోటలామె పొయ్యి దగ్గర గోడకు దేవుడి పటం చూడగానే నాకు చైనా వాళ్ళ పొయ్యి దేవుడు గుర్తొచ్చాడు. వాళ్ళ ప్రతి వంటింట్లో ఒక దేవుడి పటం ఉంటుంది. ఏడాదంతా ఇంట్లో ఎవరేమి చేసిందీ అన్నీ చూసి, ఏడాది చివర పైకి పోయి పెద్దదేవుడికి చెప్తాడు. అందుకని పోయే ముందు ఆయన పెదాలకు బెల్లంపాకంలాంటిది పూస్తారు, తియ్యటి మాటలే చెప్పాలని.

హోటలామె దోసె తిప్పుతూ, "మాకాడ పటం అవసరంలేదు పాపా. మా అత్త ఉండాది. బెల్లం గాదు, పటికబెల్లం పూసినా నా మీద చెప్పేది చెప్తానే ఉంటాది" అంది. లోపలి గది నుంచి "వినపడతాండాది" అని ఒక ముసలి గొంతు వచ్చింది. మేం డబ్బులిచ్చి త్వరగా బయటపడ్డాం.

పలమనేరులో మళ్ళీ బస్సు మారాం. అక్కడి నుంచి కుప్పం దాకా ఎడమ వైపు కూర్చుంటే ఎండ కొడుతుంది, మీరు కుడి వైపు కూర్చోండి. ఆ బస్సులో నేను ఎక్కువ మాట్లాడలేదు. రోము దేశం కథ ఒకటి బుర్రలో తిరుగుతూ ఉంది. ఒకమ్మాయికి పెళ్ళవుతుంది. మొగుడు చీకట్లోనే వస్తాడు, తన ముఖం చూడొద్దంటాడు. అక్కలు వచ్చి, వాడు ఖచ్చితంగా పాము అయ్యుంటాడు, చూడు అని ఎక్కిస్తారు. ఆ పిల్ల దీపం వెలిగించి చూస్తే దేవుడంత అందగాడు. నాకు వచ్చిన చిక్కేమిటంటే, నాకు చెప్పేది అక్కలు కాదు, మేనత్త. రంగు కింద పాము ఉంటుందో దేవుడు ఉంటాడో తెలియదు. రెండూ కాకుండా మామూలు మనిషి ఉంటే చాలని మొక్కుకున్నాను. ఏ దేవుడికి మొక్కానో నాకే తెలియదు, ఆ రోజుకు చాలా మంది తెలిసినవాళ్ళయ్యారు.

పదికల్లా కుప్పం చేరాం. బస్టాండు బయట ఆటోలు ఉంటాయి. మా ఆటో అతను ముందు తమిళంలో మొదలుపెట్టి, కన్నడంలోకి వచ్చి, అత్త ముఖం చూసి తెలుగులో దిగాడు. పల్లె దగ్గరికి పోయేసరికి మైకులో పాట వినిపించింది. ధర్మరాజుల గుడి ముందు బీడులో మట్టి దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మా బస్సు కంటే పొడుగు. పళ్ళకు సున్నం, కళ్ళకు కోడిగుడ్డు పెంకులు పెట్టారు. తొడ దగ్గర ఎర్రనీళ్ళ కుండ పాతిపెట్టారు, భీముడు కొట్టాల్సింది అక్కడే.

మేం భీముణ్ణి వెతుక్కుంటూ పోయాం. తాటాకు పందిరి వెనకాల దొరికాడు. గద గోడకు ఆనించి, కిరీటం మోకాలికి తగిలించి, బీడీ తాగుతున్నాడు. బొజ్జ వచ్చి నడుము పట్టీ మీద కూర్చుంది. ఒక చేత్తో వీపు గోక్కుంటూ, మద్దెల వాయించే అతన్ని అరగంట నుంచి తిడుతున్నట్టున్నాడు, గొంతు అరిగిపోయింది.

"గట్టిగానే ఉండాడు" అంది అత్త.

"అత్తా, నాన్న వయసుంటాది."

"రంగులో అట్ల కనపడతాదిలే. వేషమంటే అంతే."

ఆ భీముడు నా వైపు తిరిగి పళ్ళు ఇకిలించినప్పుడు, మునిరత్నమన్న పెదాలకు చైనా పాకం కాదు, మైనం పూయాలనిపించింది.

పన్నెండు దాటాక చావు మొదలైంది. ఎండకు మట్టి కాలుతోంది. దుర్యోధనుడు మట్టి బొమ్మ మీదికెక్కి పరిగెత్తుతాడు, భీముడు గద తీసుకుని వెంట పడతాడు. దుర్యోధనుడు తల మీది నుంచి కాళ్ళ దాకా ఒకే ఊపులో పరిగెత్తి పాట అందుకుంటుంటే, భీముడు బొడ్డు దాకా వచ్చి ఆగి ఊపిరి పీల్చుకుంటున్నాడు. రెండుసార్లు దుర్యోధనుడే వెనక్కి వచ్చి అతనికి దొరికేంత దగ్గరగా నిలబడ్డాడు. ఆఖరికి కుండ పగిలింది, ఎర్రనీళ్ళు పారాయి, దుర్యోధనుడు బొమ్మ రొమ్ము మీద పడి కళ్ళు మూశాడు. ఎక్కడి ఆడవాళ్ళు అక్కడ కొంగు నోట్లో పెట్టుకున్నారు.

అప్పటికి మా అత్త పేపరు విప్పేసింది. నేను పట్టుకునేలోపల మనుషుల్ని తోసుకుని పోయింది. "మా గొర్రెల శని నీతో పోవాల" అంటూ ఒకటి వేసింది. నాలుగు వేశాక చీపురు విరిగింది.

పాటతో పాటు మైకు కూడా ఆగింది. వెనక నిలబడ్డ నాకు అర్థమైంది, మిగిలిన ఆడవాళ్ళ చేతుల్లో ఎక్కడా చీపుళ్ళు లేవు. పాల చెంబులున్నాయి. వాళ్ళు ఏడుస్తున్నారు. నిజంగానే ఏడుస్తున్నారు.

ఊరి పెద్ద తలపాగా సర్దుకుంటూ వచ్చాడు. "ఏమ్మా, ఎవురు నువ్వు? చచ్చినోన్ని చీపురుతో కొడతాండావే. మా ఊర్లో ఈయప్ప మా ఇంటి బిడ్డ. నిలబడినంత సేపు తప్పు చేసినాడు. పడినాక మనోడు. పాలు పోసి సాగనంపుతాం."

"మా ఊర్లో పడినాకే కొడతామప్పా" అంది అత్త. "నిలబడినప్పుడు దొరుకుతాడా?"

"పద్ధతి చెడిపోయింది. రాత్రి నిప్పులగుండం ఎట్ల తొక్కేది?" అని ఎవరో అరిచారు. నలుగురు దగ్గరికి వచ్చారు. నేనూ తోసుకుంటూ పోయి, పడి ఉన్న దుర్యోధనుడి పక్కన అత్త చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు నా కాళ్ళ దగ్గర, రంగు పూసిన పెదాలు కదలకుండానే ఒక మాట వినిపించింది.

"మామా, ద్రౌపది మేనత్త వచ్చిందని పాడు."

గాంధారి వేషంలో తెల్లచీర కట్టుకున్న పెద్దాయన గొంతు ఎత్తాడు. నా కోడలికి నిండు సభలో అవమానం జరిగింది, మగవాళ్ళంతా తలలు దించుకున్నారు, ఆమె మేనత్త మాత్రం ఎక్కడి దేశం నుంచో చీపురు పట్టుకుని ఇంత దూరం వచ్చింది, నా కొడుకు చేసినదానికి ఈ నాలుగు దెబ్బలూ న్యాయమే అని పాడాడు. మద్దెల అందుకుంది. ఎవరో నవ్వారు. ముసలామె ఒకామె "నిజమే గదా, మొగోళ్ళు ఏం చేసినారు" అంది. ఊరి పెద్ద కూడా తలపాగా వెనక్కి తోసుకుని పక్కకు జరిగాడు.

నేను అత్తను వేపచెట్టు నీడకు లాక్కుపోయి నీళ్ళు తాగించాను. పాల చెంబుతో ఒకామె మా దగ్గరికి వచ్చింది. మమ్మల్ని కింది నుంచి పైకి చూసింది.

"మునిరత్నం చెప్పిన మదనపల్లి వాళ్ళు మీరేనా? నేను చలపతి అమ్మను, కనకమ్మ."

అత్త లేచి నిలబడింది. "అవునమ్మా. మీ భీముణ్ణి సూసినాం. బాగుండాడు."

"భీముడు మా మరిది. వానికి ముగ్గురు పిల్లోళ్ళు" అంది కనకమ్మ. "మా వాడు పడుకోనుండాడు సూడు, అదీ."

మునిరత్నమన్న భీముడని అబద్ధం చెప్పాడు. ఫోటోలో గద ఉంది కదా, గద ఇద్దరికీ ఉంటుంది. అత్త కాబోయే అల్లుడి కాళ్ళు కడగాల్సిన చేత్తోనే అతన్ని చీపురుతో కొట్టింది. కనకమ్మ పాల చెంబు ఎత్తుకుని బొమ్మ వైపు వెళ్ళిపోయింది. అప్పటికి సంబంధం తెగినట్టే అనుకున్నాను. తెగిందనుకోగానే నాకు చాలా బాధ వేసింది, అదే నాకు వింతగా అనిపించింది. అంతకు ముందు దాకా, అబ్బాయి ఆ భీముడే అనుకుని, అది తెగాలని నేనే కోరుకున్నాను.

బొమ్మ రొమ్ము మీది మట్టి చిటికెడు తీసుకుని ధాన్యం కుండలో వేసుకుంటే మంచిదంటారు. వరస కట్టారు. నేనూ నిలబడ్డాను. నా వంతు వచ్చి మోకాళ్ళ మీద వంగాను.

"ఎవురు?" అంది శవం.

"మదనపల్లి."

"చీపురు ఇంగోటి ఉండాదా?"

"లేదు. విరిగిపాయ."

"అయితే సరే. ముక్కు మీద ఈగ. కొంచెం తోలు. గాంధారి పాట అయ్యేదాకా నేను కదలకూడదు, కండ్లు తెరవకూడదు."

కొంగు చివరతో ఈగను తోలాను. మట్టి తీసుకుని లేవాలి, లేవలేదు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా. నాకు తెలిసింది ఒకటే. "ఈజిప్టు దేశంలో చచ్చినోళ్ళ గుండెకాయను తక్కెట్లో పెట్టి, ఇంగో పక్క ఈక పెట్టి తూస్తారంట. గుండె బరువు తూగితే మొసలి మూతి జంతువొకటి తినేస్తాదంట" అన్నాను.

"తూసేదెవురు?"

"నక్క తల దేవుడు."

శవం కళ్ళు మూసుకునే అడిగింది. "నక్క చేతికి తక్కెడ ఇచ్చినారా?"

నాకు నవ్వు ఆగలేదు. చుట్టూ పాలు పోస్తూ ఏడుస్తున్న ఊరు. కొంగు నోట్లో కుక్కుకుని ముఖం దించుకున్నాను, భుజాలు ఊగిపోతున్నాయి. వెనక నుంచి కనకమ్మ గొంతు వినిపించింది, "పాపం, ఆ మదనపల్లి పిల్ల సూడండి, ఎట్ల ఏడుస్తాండాదో. మన ఊరిదాని మాదిరే."

"మా అమ్మ కరిగింది" అన్నాడు దుర్యోధనుడు. "ఫోటో సూసినావా?"

"మీసం సూసినా."

"మీసం నాటకమేళం వాళ్ళది."

"మరి మీదేముండాది దాంట్లో?"

"ముక్కు" అన్నాడు. తరవాత గొంతు మారింది. "భీముడని చెప్పొద్దన్నా మునిరత్నమన్నతో. దుర్యోధనుడంటే పిల్లనెవురూ ఇయ్యరన్నాడు. ఈ వేషం మా తాత కట్టినాడు, మా నాయన కట్టినాడు. పెండ్లయినా నేను కడతా, ప్రతి ఏడూ ఇట్లనే పడి చస్తా. అది నచ్చకపోతే ఇప్పుడే చెప్పెయ్. ఎట్లాగూ చచ్చే ఉండాను, నొప్పి తెలీదు."

వెనక ఉన్నామె నన్ను తోసింది. "ఒక్కదానివే మట్టంతా తీస్తావా ఏంది?" నేను జవాబు చెప్పకుండానే లేవాల్సి వచ్చింది.

తరవాత అతని మీద తెల్లగుడ్డ కప్పి, నలుగురు మోసుకుని గుడిలోకి తీసుకుపోయారు. రాత్రి గుండం తొక్కేదాకా రంగు కడగరని తెలిసింది. మాకు పలమనేరు మీదుగా పోయే ఆఖరి బస్సు సాయంత్రమే. కనకమ్మ మాకు రాగిసంగటి, చింతకాయ పచ్చడి పెట్టి, ఆటో ఎక్కించింది. అత్తతో మాత్రం "పోయిరా వదినా" అని ఒక్క మాటే అంది. వదినా అనిందా, వదిలెయ్యమనిందా అని అత్త కుప్పం దాకా తర్కం చేసింది.

తిరుగు బస్సులో కిటికీ దగ్గర కూర్చున్నాను. నేను ఇన్నాళ్ళూ దేవుళ్ళు మారాలంటే సముద్రాలు దాటాలనుకున్నాను. మూడు బస్సులు మారితే చాలు. ఒక ఊళ్ళో చీపురు దెబ్బలు తినే మనిషే ఇంకో ఊళ్ళో పాలు తాగుతాడు. ఎవరి గొర్రెలు ఎందుకు చచ్చాయో, ఎవరి కుండలో గింజ ఎందుకు నిలవాలో, అందుకు తగ్గట్టు ఆ దేవుణ్ణి అక్కడివాళ్ళే తయారు చేసుకుంటారు. మీరు ఎవరైనా ఆ వైపు భారతం చూడ్డానికి పోతే, ఏమి తీసుకుపోవాలో ముందు ఆ ఊరివాళ్ళనే అడగండి.

పలమనేరు దగ్గర పడుతుండగా నాన్న ఫోన్ చేశాడు. అత్త నా చేతిలోది లాక్కుని స్పీకర్ పెట్టింది.

"అక్కా, మునిరత్నం ఒకటే ఫోన్లు. ఏం చెప్పేది? పిల్లోడు ఎట్లుండాడు?"

అత్త ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. "నాలుగు దెబ్బలు కొట్టినా నోరెత్తలారా. పైగా నన్నే కాపాడినాడు. నాకు ఇష్టమే. ఆ కనకమ్మకే మనం ఇష్టమో కాదో."

"ఎవురు ఎవుర్ని కొట్టినారు?"

"పాపకిస్తా" అని ఫోన్ నా వైపు తోసింది.

"నీకెట్ల అనిపించిందమ్మా?" అన్నాడు నాన్న. "ముఖం బాగుండాదా?"

"ముఖం సూడలా నాన్నా. చచ్చిపోయి ఉండాడు. చచ్చినా బాగా మాట్లాడినాడు. సరే అని చెప్పు."

బస్సు పలమనేరు బస్టాండులోకి తిరుగుతోంది.

"ఇంటికి రాండమ్మా, మెల్లగా మాట్లాడదాం" అన్నాడు నాన్న.

"మెల్లగా వద్దు నాన్నా" అన్నాను. "రేపు పొద్దున్నే వాళ్ళు ఇంగో పిల్లను సూసేదానికి ఈ ఊరికే వస్తాండారు. ఇప్పుడే చెప్పు."